మూడో కోణం ఎవరిది? – పాఠశాల ముక్కోణపు ప్రేమకథ, జపాను అనిమే, తెలుగు విమర్శ

వ్యాససంగ్రహం:
పాఠశాల నేపథ్యంలో నడిచే ముక్కోణపు ప్రేమకథ జపాను అనిమేలో స్థిరపడిన ప్రక్రియ. తెలుగు విద్యార్థులు దీన్ని విరివిగా చూస్తున్నా తెలుగు సాహిత్యవిమర్శ దీన్ని పట్టించుకోలేదు. పట్టించుకున్న కొద్ది సందర్భాల్లోనూ దాన్ని చౌకబారు వినోదమని తోసిపుచ్చడమో, మన ప్రబంధాల్లో ఇదివరకే ఉన్నదని సరిపెట్టుకోవడమో జరుగుతున్నది. ఈ రెండు వైఖరులూ తప్పని ఈ వ్యాసం వాదిస్తుంది. జపాను కథలో మూడో కోణం ఒక వ్యక్తి. తెలుగు కథలో ఆ స్థానం చాలాసార్లు కులానిది, కుటుంబానిది. ఈ భేదాన్ని గుర్తించకుండా రెండింటికీ ‘ముక్కోణపు ప్రేమ’ అన్న ఒకే పేరు పెట్టడం వల్ల తెలుగు విమర్శ తన కథల్నే తప్పుగా చదివిందని నిరూపించడం వ్యాసలక్ష్యం.

కీలకపదాలు: ముక్కోణపు ప్రేమ, అనిమే, నిరాకరణ, మేనరికం, కులం, తొరదొర, మాయాబజార్.

1. ఉపోద్ఘాతం:

2016 అక్టోబరులో సూర్యాపేట జిల్లా ఏర్పడినప్పుడు నేరేడుచర్ల నుంచి విడివడి పాలకీడు కొత్త మండలమైంది. కృష్ణాతీరంలో వరిపొలాలు, సిమెంటు కర్మాగారాలు ఉన్న ఈ ప్రాంతంలో పదో తరగతి ముగిసిన పిల్లలు పైచదువుకు నేరేడుచర్ల, హుజూర్‌నగర్, మిర్యాలగూడ వైపు చూస్తారు. ఇటువంటి మండలంలోని విద్యార్థి చేతిలోని ఫోనులో టోక్యో పాఠశాల గది ఈ రోజు ప్రత్యక్షమవుతున్నది. 2024లో ‘సోలో లెవెలింగ్’ తెలుగు గళంతో వచ్చింది. 2025 సెప్టెంబరులో ‘డీమన్ స్లేయర్’ చలనచిత్రం తెలుగులోనూ థియేటర్లకు వచ్చింది. ఇవి పోరాటకథలు. వీటి వెంట పిల్లలు చేరుకునే మరో ప్రక్రియ పాఠశాల ప్రేమకథ. అందులో ప్రధానమైనది ముక్కోణపు ప్రేమ.

దీన్ని తెలుగు శాఖలు చదవవలసిన అవసరం ఉన్నదా అన్న ప్రశ్నకు సాధారణంగా రెండు సమాధానాలు వినబడతాయి. మొదటిది: ఇది సాహిత్యం కాదు, బొమ్మల వినోదం, పైగా చదువుకునే పిల్లల్ని చెడగొట్టేది. రెండవది: ఇందులో కొత్త ఏమున్నది? సత్య, రుక్మిణి, కృష్ణుల కథ మనకు ఎప్పటినుంచో ఉన్నది కదా! మొదటిది తృణీకారం, రెండవది స్వాయత్తీకరణ. పైకి విరుద్ధంగా కనిపించే ఈ రెండింటికీ ఫలితం ఒక్కటే: ఆ కథలో ఏమున్నదో చూడనక్కరలేదు. ముందు రెండవ వాదాన్నే పరీక్షించాలి. పాండిత్యం ముసుగు వేసుకున్నది అదే కనుక.

2. ‘మనకు ఇదివరకే ఉన్నది’ అన్న వాదం:

నంది తిమ్మన ‘పారిజాతాపహరణం’లో నారదుడు తెచ్చిన పువ్వును కృష్ణుడు రుక్మిణికి ఇస్తాడు. సత్యభామ కోపగృహం చేరుతుంది. పాదాలపై వాలిన కృష్ణుని శిరస్సును ఆమె ఎడమకాలితో తన్నుతుంది. చివరకు పారిజాత వృక్షమే ఆమె పెరటికి వస్తుంది. ఇద్దరు స్త్రీలు, ఒక పురుషుడు, ఈర్ష్య, అలుక – ముక్కోణానికి కావలసిన సామగ్రి అంతా ఉన్నది. ఒక్కటి మాత్రం లేదు. ఎవరిని ఎన్నుకోవాలన్న ప్రశ్న లేదు. ఇద్దరూ భార్యలే. ఎవరినీ వదులుకోవలసిన అగత్యం నాయకునికి లేదు. ఆలంకారికులు దక్షిణనాయకుడని పేరు పెట్టి మెచ్చుకున్నది ఇద్దరినీ నొప్పించకుండా నెట్టుకురాగల నేర్పునే. కావ్యంలోని సమస్య ప్రేమలో ఎంపిక కాదు, దాంపత్యంలో పాలు. దీన్ని ముక్కోణపు ప్రేమకు పూర్వరూపమనడం బాహ్యసామ్యాన్ని చూసి బంధుత్వం కలపడమే.

పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’ ఇంతకంటే చిక్కైనది. నలకూబరుని కోరిన కలభాషిణి రంభ రూపం ధరిస్తుంది. మణికంధరుడు నలకూబరుని రూపం ధరిస్తాడు. నిజరంభ, మాయారంభ ఎదురుపడి వాదులాడుకుంటారు. ఇక్కడ కోరిక ఉన్నది, పోటీ ఉన్నది, కోరినవారు దక్కని బాధా ఉన్నది. అయితే కలభాషిణి తన కోరికను తన ముఖంతో చెప్పదు, మరొకరి రూపంలో దాన్ని తీర్చుకోవాలనుకుంటుంది. కాదనిపించుకునే ప్రమాదాన్ని రూపపరివర్తనం తప్పిస్తుంది. సూరన కథనప్రతిభకు ఇది నిదర్శనం. అదే సమయంలో, కోరికను సూటిగా చెప్పి సూటిగా తిరస్కారం పొందే సన్నివేశం ఆ కథాలోకంలో ఎంత కష్టసాధ్యమో కూడా ఇది చెబుతుంది.

ఈ లక్షణం ప్రబంధాలతో ఆగలేదు. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ చిత్రంలో శశిరేఖకు మేనబావ అభిమన్యుడు ఇష్టుడు. పెద్దలు కుదిర్చినది లక్ష్మణకుమారుని సంబంధం. ఇదీ ముక్కోణమే. ఈ కథలో లక్ష్మణకుమారుని కాదన్నది ఎవరు? పెళ్లిపీటల మీద అతన్ని ముప్పుతిప్పలు పెట్టి వదిలించుకున్నది శశిరేఖ కాదు, ఆమె రూపంలో ఉన్న ఘటోత్కచుడు. ఆడపిల్ల పలకవలసిన ‘కాదు’ అన్న మాటను ఆమె వేషంలోని ఒక రాక్షసవీరుడు పలికాడు. ప్రేక్షకులు హాయిగా నవ్వారు, నేటికీ నవ్వుతారు. ఆ హాయికి కారణం హాస్యం ఒక్కటే కాదు. తండ్రికి ఎదురు చెప్పే భారం శశిరేఖ మీద పడలేదు. పైగా ఆమె కోరుకున్నవాడు మేనబావే కనుక కట్టుబాటు చెడలేదు.

అందువల్ల ‘మనకు ఇదివరకే ఉన్నది’ అన్నవారు ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. తన గొంతుతో ప్రేమను చెప్పిన మనిషి, తన గొంతుతో కాదన్న మనిషి, ఆ తరువాత ఇద్దరూ ఒకే చోట బతకడం – ఈ మూడూ కలిసిన కథ మన సంప్రదాయంలో ఎన్నిచోట్ల ఉన్నది? చలం ‘మైదానం’లోని రాజేశ్వరి, అమీర్, మీరాల కథలో స్త్రీ కోరిక నిర్భయంగా పలికింది. అందుకే ఆ నవల దశాబ్దాల పాటు వివాదంలో నిలిచింది. ఆ కథ కూడా ఊరి వెలుపలి మైదానంలోనే నడవగలిగింది, ఊళ్లో కాదు.

3. తరగతి గదిలో నిరాకరణ:

ఇప్పుడు అనిమే విషయం. తకెమియా యుయుకో 2006–2009 మధ్య రాసిన నవలామాలిక ఆధారంగా నగాయ్ తత్సుయుకి దర్శకత్వంలో వచ్చిన ‘తొరదొర’ 2008 అక్టోబరు నుంచి 2009 మార్చి వరకు 25 భాగాలుగా ప్రసారమైంది. చూపులకు రౌడీలా కనిపించే ర్యూజీ, పొట్టిగా ఉండి అందరినీ హడలెత్తించే తైగా పక్కపక్క ఇళ్లవారు, ఒకే తరగతివారు. ర్యూజీ తైగా స్నేహితురాలు మినోరిని ఇష్టపడతాడు. తైగా ర్యూజీ స్నేహితుడు కితమురను ఇష్టపడుతుంది. ఒకరికొకరు సాయం చేసుకుందామని ఒప్పందం చేసుకుంటారు. చివరకు ప్రేమ వారిద్దరి మధ్యనే పుడుతుంది. కథాసూత్రం ఇంతే. చెప్పినంతలో తేలికైన వినోదమే.

కథను నిలబెట్టినది సూత్రం కాదు, అందులోని నిరాకరణల వరుస. రెండవ భాగంలోనే తైగా కితమురకు తన మనసు చెబుతుంది. అతడు ఆమెను చిన్నబుచ్చడు, స్నేహం వైపు మళ్లిస్తాడు. మర్నాటి నుంచి ఇద్దరూ ఒకే గదిలో కూర్చుంటారు. క్రిస్మస్ ముందురాత్రి ర్యూజీ మినోరికి చెప్పబోతాడు. తైగా మనసు అప్పటికే గ్రహించిన మినోరి, అతడు నోరు తెరవకముందే వద్దని తెలియజేస్తుంది. ఆ దెబ్బకు అతడు జబ్బుపడతాడు, కుంగిపోతాడు. అయినా సెలవుల తరువాత బడి తెరవగానే అదే గదికి వస్తాడు, మినోరీ వస్తుంది. చివరిభాగాల్లో మినోరి తనకూ అతనిపై ప్రేమ ఉండేదని ముఖాముఖి ఒప్పుకుంటుంది. ఎంపిక ఆమెది, ఎంపికకు చెల్లించిన మూల్యమూ ఆమెదే. త్యాగమూర్తిగా ఆమెకు హారతి పట్టడం కథకు ఇష్టం లేదు.

దీనికి ముందుతరం ఉదాహరణ మత్సుమొతో ఇజుమి ‘కిమగురె ఆరెంజ్ రోడ్’. 1984–87లో చిత్రకథగా, 1987–88లో 48 భాగాల ధారావాహికగా వచ్చింది. క్యోసుకె, మదొక, హికరు అనే ముగ్గురి మధ్య నాయకుని తేల్చుకోలేనితనమే ఇందులో హాస్యవస్తువు. 1988లో వచ్చిన చలనచిత్రం మాత్రం ఆ హాస్యాన్ని ఆపేసింది. అందులో క్యోసుకె హికరును కాదంటాడు. ఆమె నమ్మదు, ప్రాధేయపడుతుంది, అతని వెంట వస్తుంది. అతడు మెత్తబడడు. ఎవరూ చెడ్డవారు కారు, అయినా ఒకరు ఏడుస్తూ వెనుదిరగాలి. ఎవరినీ నొప్పించకుండా నడిపే దక్షిణనాయకుని నేర్పు ఇక్కడ పిరికితనంగా తేలుతుంది. ‘మనకు ఇదివరకే ఉన్నది’ అనేవారి వాదం ఈ ఒక్క భేదంతోనే వీగిపోతుంది.

జపనీయులు ఈ చెప్పడాన్ని ‘కొకుహకు’ అంటారు. ఒప్పుకోలు, వెల్లడి అని అర్థం. ఇది వారికి ఉన్నట్టుండి ఊడిపడినది కాదు. 1914 నాటి నత్సుమె సోసెకి నవల ‘కొకొరొ’లో ఇద్దరు మిత్రులు ఒకే యువతిని ప్రేమిస్తారు. ఒకడు మనసు విప్పి చెబుతాడు, రెండవవాడు తన మనసు దాచి వెనుకనుంచి సంబంధం ఖాయం చేసుకుంటాడు. ఫలితం ఒకరి ఆత్మహత్య, మరొకరికి జీవితకాలపు అపరాధభారం. ఈ నవలాభాగాన్ని జపాను ఉన్నత పాఠశాలల భాషావాచకాల్లో తరాలుగా చదువుతున్నారు. అంటే ముక్కోణపు ప్రేమను అక్కడ తరగతి గది నుంచి గెంటివేయలేదు, పాఠంగానే చెప్పారు. 1947 నాటి విద్యా మౌలికచట్టం సహవిద్యను గుర్తించిన తరువాత ఆడపిల్లలు, మగపిల్లలు పక్కపక్కన కూర్చునే గది ఆ కథలకు వేదికైంది.

4. తెలుగులో కాదనడానికి మాట:

ఇక్కడ భాషాప్రశ్న ముందుకు వస్తుంది, అది తెలుగు శాఖల సొంత విషయం. ప్రేమను వెల్లడించడానికి నేటి తెలుగు విద్యార్థి వాడే క్రియ ‘ప్రపోజ్ చేయడం’. చెప్పే వాక్యం ‘ఐ లవ్ యూ’. నేను నిన్ను ప్రేమిస్తున్నానన్న తెలుగు వాక్యం సినిమా సంభాషణలా వినబడుతుంది. కాదనడానికి వాడే మాట మాత్రం అచ్చతెలుగుది: ‘నువ్వు నాకు అన్నయ్యలాంటివాడివి’. రాఖీ కట్టడం దీనికే క్రియారూపం. ప్రేమకు ఇంగ్లీషు, నిరాకరణకు చుట్టరికం – ఈ పంపకం యాదృచ్ఛికం కాదు. తెలుగు బంధువాచకాలు ఒక తరంలోని స్త్రీపురుషులను రెండుగా విడదీస్తాయి: వరుస కలిసేవారు, వరుస కలవనివారు. బావ కాని సాటి మగవాడు అన్న కావాలి. బావా కాక, అన్నా కాక, కేవలం సహాధ్యాయిగా మిగిలే మనిషికి ఈ పట్టికలో గడి లేదు. కనుక కాదనదలచిన పిల్ల ‘నాకు ఇష్టం లేదు’ అనకుండా అతన్ని అన్నను చేసి తప్పించుకుంటుంది. తన ఇష్టాన్ని వరుస వెనుక దాచుకుంటుంది. ఘటోత్కచుని మాయ వెనుక శశిరేఖ దాగినట్టే ఇదీ.

కితముర తైగాతో అన్న మాటలను తెలుగులోకి తెచ్చేవారు ఏ గడిలోకి తెస్తారు? ఇంటిపేరుతో పిలుచుకునేవారు పేరుతో పిలుచుకునే దశకు రావడం జపనీయ ప్రేమకథలో ఒక మలుపు. తెలుగులో దానికి సాటి ‘మీరు’ నుంచి ‘నువ్వు’కు రావడమా, ‘రా’, ‘వే’ చేరడమా? ఇది అనువాదశాస్త్రపు ప్రశ్న, సామాజిక భాషాశాస్త్రపు ప్రశ్న. బొమ్మల వినోదమని తోసిపుచ్చినవారు ఈ ప్రశ్నను కూడా తోసిపుచ్చారు.

కాదన్న మాటకు చోటులేకపోవడం భాషలో ఆగిపోయే లోటు కాదు. 2004లో విజయవాడలో ప్రేమను నిరాకరించిన విద్యార్థినిని కళాశాలలోనే హత్య చేశారు. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగు విద్యార్థినులపై యాసిడ్ పోశారు. అక్కడా మూలకారణం నిరాకరణే. నిందితులు పోలీసు కాల్పుల్లో మరణించడంతో లోకం న్యాయం జరిగిందని చెప్పుకున్నది. కాదనిపించుకున్న మనిషి మర్నాడు ఎలా బతకాలో చెప్పే కథ మన పిల్లలకు ఉన్నదా అన్న ప్రశ్న అడిగినవారు తక్కువ. అనిమే పిల్లల్ని చెడగొడుతున్నదనేవారు ముందు ఈ ప్రశ్నకు ఎదురు నిలవాలి. ‘ఒకసారి కాదంటే పదిసార్లు వెంటపడు’ అని నాయకునికి నేర్పిన మన చిత్రాలు చెడగొట్టలేదా?

5. మూడో కోణం:

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి అనిమేను ఆదర్శంగా నిలబెట్టడం ఈ వ్యాసోద్దేశం అనుకుంటే పొరపాటు. ఆ ప్రక్రియకు సొంత లోపాలున్నాయి. ఒక బాలుని చుట్టూ అనేక బాలికలను పేర్చే మగకలలు అందులో కోకొల్లలు. అంతకంటే పెద్ద లోపం ఒకటి ఉన్నది. యూనిఫారం తొడిగిన ఆ తరగతి గదిలో పుట్టుక అన్న ప్రశ్నే తలెత్తదు. జపానులో పుట్టుకను బట్టి వెలికి గురైన బురకు ప్రజలున్నారు. 1906లోనే షిమజాకి తోసొన్ ‘హకయ్’ నవలలో తన పుట్టుకను దాచుకుని బతికే ఒక పాఠశాల ఉపాధ్యాయుని చిత్రించాడు. బురకు ప్రాంతాల పేర్ల జాబితాలను సంస్థలకు రహస్యంగా అమ్ముతున్న సంగతి 1975లో బయటపడింది. పెళ్లిసంబంధాల వేళ పుట్టుక ఆరా తీయడం అక్కడా ఉన్నది. ఇంత తెలిసిన సమాజం తన పాఠశాల ప్రేమకథలో ఆ మాట రానివ్వదు. దాన్ని చెరిపివేయడం వల్లనే అక్కడి ముక్కోణంలో మూడు బిందువులూ వ్యక్తులు కాగలిగాయి.

తెలుగు కథ దీన్ని చెరపలేకపోయింది. 1953 నాటి ‘దేవదాసు’ను ముక్కోణపు ప్రేమకథగా చెప్పుకోవడం అలవాటు: దేవదాసు, పార్వతి, చంద్రముఖి. కానీ పార్వతికి చంద్రముఖితో పోటీ ఎక్కడ? చంద్రముఖి ప్రవేశించేనాటికే పార్వతి కథ తేలిపోయింది. ఒకే పల్లెబడిలో చదివిన ఇద్దరిని విడదీసినది జమీందారీ ఇంటి అంతస్తు. నిజమైన మూడో కోణం ఆ ఇల్లే. ‘కలర్ ఫోటో’ (2020), ‘ఉప్పెన’ (2021) చిత్రాలకు వచ్చేసరికి ముసుగు తొలగింది. రెండింటిలోనూ పోటీదారుడైన మరో ప్రేమికుడు కథను నడపడు. అన్న, తండ్రి, పరువు నడుపుతాయి. సినిమా చెప్పేసిన సంగతిని విమర్శ పరిభాష ఇంకా అందుకోలేదు. కొత్తది తోచక ‘ముక్కోణపు ప్రేమ’ అన్న పాత చీటీనే అంటిస్తున్నది.

పాలకీడుకు దగ్గరి పట్టణమైన మిర్యాలగూడలో 2018 సెప్టెంబరు 14న ఒక దళిత యువకుని ఆసుపత్రి ముందు, గర్భవతి అయిన భార్య పక్కన ఉండగా నరికి చంపారు. వారు పాఠశాల రోజుల నుంచి ఒకరినొకరు ఎరిగినవారు. చంపించినది ఆమె తండ్రి అని అభియోగం. 2025 మార్చి 10న నల్లగొండ న్యాయస్థానం ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి జీవితఖైదు విధించింది. ఇది పాఠశాలలో మొదలైన ప్రేమకథే. దీనికీ మూడో కోణం ఉన్నది. అది మరో యువకుడు కాదు, మరో యువతి కాదు. పాలకీడు మండలంలోని జాన్‌పహాడ్ సైదులు దర్గా ఉర్సుకు ప్రతి జనవరిలో కులమతాలు చూడకుండా జనం మొక్కులు చెల్లిస్తారు. మొక్కుకు అడ్డురాని గోడ పెళ్లికి అడ్డువచ్చింది.

‘తొరదొర’ చివర ర్యూజీ, తైగా కూడా పెద్దల నుంచి పారిపోతారు. ర్యూజీ తల్లి ఒకనాడు గర్భవతిగా ఇల్లు విడిచిన మనిషే. అతడు తైగాను వెంటబెట్టుకుని తల్లి పుట్టింటికి వెళతాడు. తెగిన బంధం అతుకుతుంది. తైగా తనంతట తానే తిరిగి వెళ్లి తల్లిని ఎదుర్కొంటుంది. వెనక్కి వెళ్లడం అక్కడ పరిణతికి గుర్తు. మిర్యాలగూడ తరువాత తెలుగు పాఠకుడు ఈ ముగింపును ఎలా చదవాలి? వెనక్కి వెళ్లిన పిల్లను ఇల్లు బతకనిస్తుందన్న భరోసా మీద ఆ ముగింపు నిలిచింది. ఆ భరోసా అందరికీ లేదు. ఈ తేడాను చూపలేని తులనాత్మక అధ్యయనం సామ్యాల జాబితా మాత్రమే.

6. ఉపసంహారం:

పై పరిశీలన నుంచి రెండు పారిభాషిక పదాలను ప్రతిపాదించవచ్చు. మూడు బిందువులూ వ్యక్తులైన కథ ‘వ్యక్తిముక్కోణం’. మూడో బిందువు కులమో, కుటుంబమో, అంతస్తో అయిన కథ ‘వ్యవస్థాముక్కోణం’. పారిజాతాపహరణం ఈ రెండింటిలో దేనికీ చెందదు. అది దాంపత్యకథ. దేవదాసు రెండవదానికి చెందుతుంది. ఏ కథను ఏ వర్గంలో చేర్చాలో తేల్చడానికి మూడు ప్రశ్నలు చాలు. ఎంచుకునే హక్కు ఎవరిది? కాదన్న మాటను ఎవరి నోరు పలికింది? పలికిన మర్నాడు ఆ మనిషి క్షేమంగా ఉన్నదా?

మూడవ ప్రశ్న సాహిత్యశాస్త్రానికి కొత్తగా తోచవచ్చు. అది సాహిత్యేతరమని అభ్యంతరమూ రావచ్చు. కానీ శృంగారాన్ని సంయోగ విప్రలంభాలుగా విభజించి విప్రలంభానికి అవాంతరభేదాలు చెప్పిన శాస్త్రం నిరాకరణకు విడిగా పేరు పెట్టలేదన్నది శాస్త్రంలోపలి సంగతే. అయోగం కలయికకు ముందుదశ, మానం కలయిక నడుమ అలుక. రెండూ కలయికనే గమ్యంగా పెట్టుకున్నవి. ‘వద్దు’ అన్నది తుదిమాటగా నిలిచే స్థితికి అక్కడ స్థానం లేదు. లేనిదాన్ని లేదని గుర్తించడం సంప్రదాయాన్ని కించపరచడం కాదు. ఉన్నదని బుకాయించడమే కించపరచడం.

జపాను బొమ్మలకథను చూస్తున్న పాలకీడు విద్యార్థిని విదేశీ వ్యామోహంలో పడిందని నిందించడం తేలిక. ఆ కథలో ఒక అమ్మాయి వద్దని చెప్పి మర్నాడు మామూలుగా బడికి వస్తుంది. ఆ మామూలుతనం తన ఊళ్లో ఎందుకు అరుదో ఆ విద్యార్థిని అడిగితే, జవాబు చెప్పగల విమర్శ తెలుగులో సిద్ధంగా ఉండాలి. ప్రస్తుతానికి అది లేదు. తెలుగు శాఖల పని అక్కడినుంచి మొదలుకావాలి.